కేలరీల లెక్కలో కొసరు

డైటీషియన్ నాకు రోజుకు పద్నాలుగు వందల యాభై కేలరీలు రాసిచ్చింది. నేను బేరమాడి తొమ్మిది వందలకు దింపాను. ఆమెతో ఆడిన బేరం కాదు, ఆమెకు తెలియకుండా నాతో నేనే ఆడుకున్న బేరం. గోల్నాకలో మా నాయిన కిరాణా దుకాణంలో గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగినదాన్ని. ఎవరైనా ఒక అంకె చెబితే అది చెప్పే ధర మాత్రమేననీ, ఇచ్చే ధర వేరే ఉంటుందనీ ఊహ తెలిసినప్పటి నుంచి నాకు తెలుసు. చీరల కొట్లోనూ, ఆటో ఎక్కేటప్పుడూ, ఆఖరికి పన్ను పీకించుకున్నప్పుడూ తగ్గించకుండా ఒప్పుకున్నది లేదు. ఆ తెలివితోనే పదకొండు వారాల్లో పద్నాలుగు కిలోలు తగ్గాను. తార్నాక చౌరస్తాలో నన్ను గుర్తుపట్టక పక్కనుంచి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకున్నాను. అంత గొప్ప బేరం నా జన్మలో చేయలేదు.

దాని చివరి బిల్లు ఎంతైందో ఆఖరున చెబుతాను. ముందు సరుకు చూడండి.

మొదట తేడా కనిపించింది నా మెడ మీద. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో జూనియర్ అసిస్టెంట్‌ని. పరీక్ష తేదీలు ప్రకటిస్తూ ఒక నోటీసు, బంద్ వల్ల వాయిదా వేస్తూ ఇంకో నోటీసు టైపు చేయడమే ఆ ఏడాది నా పని. మా సెక్షన్ రెండో అంతస్తులో ఉండేది. ఒకరోజు పొద్దున మొదటి అంతస్తు మలుపులోనే ఊపిరి అందక ఆగిపోయాను. వెనకాల వస్తున్న అమ్మాయికి దారిస్తున్నట్టు నటిస్తూ గోడకు జరిగాను. ఆ అమ్మాయి పేరు స్వరూప. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, లేడీస్ హాస్టల్లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తోంది. ఏదో మెమో కోసం నెల రోజులుగా మా టేబుళ్ల చుట్టూ తిరుగుతోంది. నన్ను దాటబోతూ మెడ వైపు చూసి ఆగింది.

"అక్కా, నీ గొలుసు రంగు దిగుతున్నది. బంగారమేనా?"

బంగారమే. బేరమాడి కొన్నదే అయినా బంగారమే. ఇంటికెళ్లి అద్దంలో చూస్తే మెడ వెనక నల్లగా, మందంగా, ముతక గుడ్డలా ఉంది చర్మం. మురికనుకుని వారం రోజులు శెనగపిండీ నిమ్మచెక్కా పెట్టి రుద్దాను. మంట పుట్టింది గానీ నలుపు వదల్లేదు. దానికి తోడు మధ్యాహ్నం అన్నం తినగానే ఫైళ్ల మీద పడి నిద్ర ముంచుకొచ్చేది.

తార్నాకలో మా ఫ్లాట్‌కు దగ్గర్లో ఉన్న డాక్టర్ మెడ చూసి, "ఇది రుద్దితే పోయేది కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే గుర్తు" అన్నారు. రక్తపరీక్ష, స్కానింగ్ రాశారు. రెండు రోజుల తర్వాత రిపోర్టులు చూస్తూ చదివారు: ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్. హెచ్‌బీఏ1సీ ఆరు పాయింట్ మూడు. అది గడిచిన మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్షట.

"ఆరున్నర వస్తే డయాబెటిస్ అంటాం. మీరు బోర్డర్‌లో ఉన్నారు. ఆరు నెలలు టైమిస్తాను. ఏడెనిమిది కిలోలు తగ్గండి. అప్పుడు మళ్లీ పరీక్ష చేసి టాబ్లెట్లు కావాలో వద్దో చూద్దాం."

ఊరంతా రాష్ట్రం సరిహద్దుల గురించి మాట్లాడుతోంటే నాకు నా బోర్డర్ దొరికింది. అయితే ఆ గదిలో నాకు నవ్వు రాలేదు. నాయినకు ఇరవై ఏళ్లుగా షుగర్. కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. బియ్యం బస్తా మీద ఆ కాలు చాపుకునే దుకాణం నడుపుతాడు. ఆదివారం ఆదివారం గోల్నాక వెళ్లి ఆ పుండుకు కట్టు కట్టేది నేనే. బోర్డర్ అవతల ఏముందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వారం వారం నా ఒళ్లోనే పెట్టుకుని చూస్తున్నాను. ఏం చేసైనా సరే ఆ గీత దాటకూడదనుకున్నాను.

డాక్టర్ నన్ను అదే ఆసుపత్రిలో ఉన్న డైటీషియన్ దగ్గరికి పంపారు. శారద మేడం వాళ్లది తెనాలి వైపు. చాలాకాలంగా ఇక్కడే స్థిరపడ్డారు. ఏం తినాలో చెబుతారని వెళ్తే ఆవిడ కాగితం మీద కూడికలూ తీసివేతలూ మొదలుపెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. బరువు డెబ్బై ఎనిమిది కిలోలు, దాన్ని పదితో గుణించారు. ఎత్తు నూట యాభై ఏడు సెంటీమీటర్లు, దాన్ని ఆరుంబావుతో గుణించి కలిపారు. వయసు ముప్పై ఆరు, దానికి ఐదు రెట్లు తీసేశారు. చివర్లో ఇంకో నూట అరవై ఒకటి కొట్టేశారు.

"ఈ నూట అరవై ఒకటి ఎందుకు పోయింది మేడం?" అని అడిగాను.

"ఆడవాళ్లకు అంతేనమ్మా. మగవాళ్లకైతే ఐదు కలుపుతాం. వాళ్లకు కండ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ."

అక్కడా మనకే కోతన్నమాట. మిగిలింది పద్నాలుగు వందల ఇరవై. దాన్ని బీఎంఆర్ అంటారట. ఏ పనీ చేయకుండా రోజంతా మంచం మీద పడుకున్నా ఒంటికయ్యే ఖర్చు. నేను నమ్మలేదు. పడుకుంటే ఖర్చేముంటుందని అడిగాను. గుండె కొట్టుకోవాలి, ఊపిరాడాలి, లివర్ పనిచేయాలి, మెదడు పనిచేయాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి, ఇవన్నీ ఊరికే జరుగుతాయా అన్నారావిడ. దుకాణం షట్టరు దించి ఉన్నా అద్దె, కరెంటు బిల్లు ఆగవు కదా అనుకున్నాను. అర్థమైపోయిందనుకున్నాను.

ఆఫీసులో కూర్చుని చేసే పని, దానికి తోడు రోజూ ముప్పావుగంట నడక. ఆ రెంటికీ కలిపి ఆ పద్నాలుగు వందల ఇరవైని ఒకటీ పాయింట్ మూడు ఏడు ఐదుతో గుణించారు. సుమారు పంతొమ్మిది వందల యాభై. అంత తింటే బరువు ఉన్నచోటే ఉంటుంది. అందులో ఐదు వందలు తగ్గిస్తే వారానికి అరకిలో చొప్పున తగ్గొచ్చు. పద్నాలుగు వందల యాభై.

"నడక లెక్క ఇందులోనే వచ్చేసింది. నడిచాను కదా అని మళ్లీ విడిగా తీసేయకండి. ఇంకా తగ్గించాలనిపిస్తే నన్నడిగి తగ్గించండి" అన్నారు.

తల ఊపాను. దుకాణంలో ఎవరైనా షరతులు చదువుతుంటే మేం అలాగే తల ఊపేవాళ్లం.

ఇంట్లో నేను చేసిన ఏర్పాట్లు చూసి మా ఆయన భయపడ్డాడు. ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాక నాయిన మూలన పడేసిన ఇత్తడి తక్కెడ తెచ్చుకుని వంటింట్లో వేలాడదీశాను. బియ్యం వండకముందే తూచాలని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నీళ్లు తాగిన సరుకు తూకం ఎంత మోసమో పుట్టుకతో తెలుసు. వంద గ్రాముల బియ్యం, మూడు వందల యాభై కేలరీలు. చపాతీకి నలభై గ్రాముల పిండి. నూనె చెంచాతో. ప్రతిదీ నోటుబుక్కులో రాశాను. ఒక దోసెలో ఇంత ఉందా, గ్లాసు మజ్జిగలో ఇంతేనా అని చూసినకొద్దీ నాకు సరదా పెరిగింది. రోజూ తెల్లవారగానే బూట్లు వేసుకుని క్యాంపస్ రోడ్ల మీద ముప్పావుగంట నడక. నెల తిరిగేసరికి ఎన్ని కిలోలు తగ్గానో చెబితే మీరు నవ్వుతారు. నాలుగు వందల గ్రాములు.

నోటుబుక్కు మళ్లీ మళ్లీ తిరగేశాను. ఒక్కరోజు కూడా పద్నాలుగు వందల యాభై దాటలేదు. తప్పు ఎక్కడో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు చెబుతాను.

కిరాణా దుకాణంలో పెరిగినవాళ్లకు కొసరు అంటే తెలుసు. సరుకు తూచి, పొట్లం కట్టబోయే ముందు ఆ పైన వేసే గుప్పెడే కొసరు. అది తూకంలోకి రాదు, చిట్టీలోకి రాదు. అడగడం కొనేవాళ్ల హక్కు, విసుక్కుంటూ వేయడం అమ్మేవాళ్ల మర్యాద. నేను నా తిండికి కూడా అదే మర్యాద ఇచ్చాను. కంచంలో పెట్టుకున్నది తిండి, అది బుక్కులో రాయాలి. నిలబడి నోట్లో వేసుకున్నది కొసరు. ఆదివారం నాయిన దుకాణంలో చెయ్యి పెట్టి తీసుకున్న పల్లీలు, బెల్లం ముక్క, ఆఫీసులో ఎవరో సగం తాగలేనంటే పుచ్చుకున్న టీ, ఉప్పు చూడటానికి వేసుకున్న రెండు గరిటెల కూర, మా ఆయన కంచంలో వదిలేసిన చివరి ముద్ద. వీటిని రాయకపోవడం దొంగతనమని నాకు తోచనే లేదు. కొసరు ఎవరు రాస్తారు?

కాబట్టి నా తీర్పు వేరేగా వచ్చింది. చెప్పినదంతా చేశాను, బరువు దిగలేదు. అంటే చెప్పిన అంకెలోనే ఎక్కువ ఉంది. బేరమాడతారని తెలిసి రెండింతలు చెప్పే బట్టల దుకాణం వాడిలాగా డైటీషియన్ కూడా నాలుగు వందలో ఐదు వందలో ఎక్కువ కలుపుకుని చెప్పి ఉంటుందనుకున్నాను. ఆవిడను అడగలేదు. చెప్పిన ధరకు సరుకు కొన్న వెర్రిదాన్ని నేనేనన్న కోపంతో కొసరు కూడా పూర్తిగా మానేసి, ఆ రాత్రే కొత్త లెక్క కట్టాను. పద్నాలుగు వందల యాభైలోంచి నడకకని రెండు వందల యాభై తీసేశాను. విడిగా తీయొద్దని ఆవిడ చెప్పిన నడక లెక్క అదే. మిగిలిన పన్నెండు వందల్లో బేరం కింద మూడు వందలు కోశాను. తొమ్మిది వందలు.

ఈసారి బరువు దిగింది. మొదటి వారమే రెండు కిలోలు. పది రోజులకోసారి బరువు చూసుకునేదాన్ని, రోజుకు రెండుసార్లు చూసుకోవడం మొదలుపెట్టాను.

అవి బంద్‌ల రోజులు కదా. బస్సులుండేవి కావు, ఆటోలు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. తార్నాక నుంచి ఆఫీసుకు నడక, ఆఫీసు నుంచి ఇంటికి నడక. ఆదివారం కట్టు కట్టడానికి గోల్నాకకు నడక, మళ్లీ తిరుగు నడక. ఇవేవీ నేను వ్యాయామం కింద లెక్కపెట్టలేదు. బూట్లు వేసుకుంటేనే వ్యాయామం. చెప్పులు వేసుకుంటే అది పని. అంటే తినేది సగానికి కోసేసి, ఖర్చు రెట్టింపు చేసి, ఆ ఖర్చును కూడా కొసరు కింద వదిలేశానన్నమాట.

క్యాంపస్‌లో అప్పుడు రిలే నిరాహార దీక్షల టెంటు ఉండేది. రోజుకో జట్టు కూర్చునేది. మర్నాడు పొద్దున ఎవరో పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చి లేపేవారు, ఇంకో జట్టు కూర్చునేది. ఒకరోజు స్వరూప కూర్చుంది. నడక ముగించుకుని వస్తూ పలకరించాను. మొహం చూసి, ఏమైంది అక్కా ఇట్లయినవని అడిగింది. నా తొమ్మిది వందల సంగతి గర్వంగా చెప్పాను. ఆ అమ్మాయి పక్కనున్నవాళ్లకు వినపడేలా అంది:

"మేం ఒక్కరోజు కూసుంటేనే మీడియా వస్తది. నువ్వు రెండు నెలల సంది కూసున్నవ్. నీ డిమాండ్ ఏంది అక్కా?"

టెంటంతా నవ్వింది. నేనూ నవ్వాను. డిమాండ్ ఆ గీత దాటకపోవడం. కానీ ఆ వారాల్లో నేను ఆ గీతను మరిచిపోయి కిలోలను మాత్రమే చూస్తున్నానని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒళ్లు ముందే చెప్పింది. ఏప్రిల్ ఎండలో చలేసేది. రెండో అంతస్తు మెట్లు మళ్లీ బరువయ్యాయి. అంతకుముందు ఒళ్లు ఎక్కువై, ఇప్పుడు తక్కువై. దువ్వెనకు జుట్టు పాయలుగా వచ్చేది. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. ఆ జుట్టును తక్కెడలో వేసి తూచాను. రెండు గ్రాములు. తగ్గిన బరువులో రాసుకున్నాను.

పదకొండో వారం ఆఖరున తార్నాక రోడ్డు మీద వంటావార్పు జరిగింది. నిరసనగా రోడ్డు ఆపేసి, అక్కడే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే అందరూ కలిసి తినడం. స్వరూప వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. బగారన్నం, నూనె తేలే ఆలుగడ్డ కూర, వేడివేడి మిర్చి బజ్జీలు. అరవై నాలుగు కిలోలకు వచ్చాను, ఒక్కపూట పండగ చేసుకుంటే ఏమవుతుందిలే అని రోడ్డు మీదే కూర్చుని విస్తరి నిండా తిన్నాను. పదకొండు వారాల్లో అంత రుచి ఎరగను.

గంట తిరగకముందే కుడివైపు పక్కటెముకల కింద ఎవరో పిడికిలితో గట్టిగా పట్టుకున్నట్టు నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నాను. అది వీపు మీదుగా కుడి రెక్కలోకి పాకింది. వాంతులు. చెమటలు. గుండెపోటేమోనని స్వరూప కంగారుపడింది. ఆసుపత్రి కిలోమీటరు దూరం కూడా లేదు, కానీ ఆ రోడ్డు ఆపింది మేమే. రెండు వైపులా బండ్లు నిలిచిపోయాయి. ఆటో లోపలికి రాదు. ఆఖరికి వంటపాత్రలు తెచ్చిన తోపుడుబండి మీది డేగిసాలు దించి, నన్ను దాని మీద పడుకోబెట్టి, స్వరూపా ఇంకో ఇద్దరు హాస్టల్ అమ్మాయిలూ తోసుకుంటూ తీసుకెళ్లారు. జనం పక్కకు జరగడానికి వాళ్లు నినాదాలు ఇస్తుంటే, ఇది ఊరేగింపనుకుని ఒకాయన చప్పట్లు కొట్టాడు. బండికి మసాలా వాసన. ఇప్పటికీ బగారన్నం వాసనొస్తే నా కుడి రెక్క ఉలిక్కిపడుతుంది.

స్కానింగ్ చేసినావిడ తెర వైపు చూస్తూ పక్కనున్న నర్సుతో "గాల్ బ్లాడర్, మల్టిపుల్ స్టోన్స్" అంది. సర్జన్ వచ్చి, ఈ మధ్య బరువు వేగంగా తగ్గారా అని అడిగారు. ఆ నొప్పిలోనూ నాకు గర్వం పోలేదు.

"పద్నాలుగు కిలోలు సార్. పదకొండు వారాలల్ల."

ఆయన భేష్ అనలేదు. కేస్ షీటులో ఏదో రాసుకుంటూ చెప్పారు. మరీ తక్కువ తింటూ వేగంగా తగ్గితే లివర్ కొలెస్ట్రాల్‌ను పిత్తంలోకి ఎక్కువగా వదులుతుందట. కొవ్వు తినకపోతే గాల్ బ్లాడర్‌కు పిండుకునే పని ఉండదు. పిత్తం అందులోనే నిలవుండి చిక్కబడి రాళ్లు కడుతుంది. అందరికీ ఇలా కాకపోవచ్చు, మీకైంది అన్నారు. లాపరోస్కోపీతో తీసేయాలి. కానీ అప్పుడే కాదు. హిమోగ్లోబిన్ ఎనిమిదీ పాయింట్ తొమ్మిది ఉంది, ప్రొటీన్ తక్కువగా ఉంది. నొప్పి మందులతో తగ్గింది కాబట్టి మూడు వారాలు సరిగ్గా తిని రండి, అప్పుడు చేద్దాం, ఇలా ఉంటే గాయం మానడం కష్టం అన్నారు.

నేను అడగవలసింది ఒక్కటే మిగిలింది. హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించాను. ఆరు. సంతోషపడేలోపే మా డాక్టర్ ఆ కాగితం పక్కన పెట్టేశారు.

"హిమోగ్లోబిన్ ఇంత తక్కువ ఉన్నప్పుడు ఈ రిపోర్టును నమ్మలేమమ్మా. రక్తం సర్దుకున్నాక మళ్లీ చూద్దాం."

పదకొండు వారాలు కడుపు మాడ్చుకుని కొన్న సరుకుకు చీటీ కూడా చెల్లలేదు. అప్పుడు మాత్రం ఏడ్చాను.

నన్ను డిశ్చార్జ్ చేసేరోజు నాయిన వచ్చాడు. బంద్ లేని రోజు చూసుకుని, ఆ కాలితోనే ఆటోలో వచ్చాడు. శారద మేడం నా నోటుబుక్కు తెప్పించుకుని మంచం పక్కన కూర్చుని చదువుతున్నారు. కోప్పడతారని ఎదురుచూశాను. ఆవిడ నాయినకు పేజీ చూపించి, "చూడండి బాబాయ్‌గారూ, పడుకుని ఉన్నా ఒంటికి పద్నాలుగు వందల ఇరవై కావాలని నేనే రాసిచ్చాను. ఈవిడ తొమ్మిది వందలిచ్చి రోజంతా నడిపించింది. మిగతాది అది ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?" అన్నారు.

నాయిన కళ్లద్దాలు సర్దుకుని ఆ పేజీ చదివాడు. తర్వాత నన్ను చూశాడు.

"అసలుకు తక్కువకు అమ్మినవా బిడ్డా?"

కొన్న ధరను మా దుకాణాల్లో అసలు అంటారు. లాభం తగ్గించుకోవచ్చు, వదులుకోనూ వచ్చు, అసలుకు తక్కువ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇస్తే మర్నాడు దుకాణం ఉండదు. నాకు నడక వచ్చినప్పటి నుంచి విన్న మాట. బీఎంఆర్ అంటే షట్టరు దించినా ఆగని అద్దె అని అంత తెలివిగా పోల్చుకున్నదాన్ని, ఆ అద్దె కూడా కట్టకుండా పద్నాలుగు కిలోల లాభం వచ్చిందని మురిసిపోయాను.

"కొవ్వు ఒక్కటే కరగదమ్మా. కండ కూడా పోతుంది" అన్నారు శారద మేడం.

"సరుకు సాలక దుకాణం రేకులు, తక్కెడ సుత అమ్ముకున్నట్టు" అన్నాడు నాయిన.

తర్వాత నోటుబుక్కు మొదటి నెల పేజీలకు వెనక్కి తిప్పి, వేలు పెట్టి వరసగా చదివాడు. అన్నం, పప్పు, చపాతీ, మజ్జిగ. ఆదివారాల దగ్గర ఆగాడు. "మరి గీడ నా దుకాణంల తిన్న పల్లీలేవి?" అని అడిగాడు. అది కొసరు కదా నాయినా అన్నాను. ఆయన నవ్విన నవ్వు ఆ వార్డు అంతా వినపడింది.

"కొసరు ఊకె ఇస్తననుకున్నవా ఇన్నేండ్లు? బస్తా దిగంగనే కొసరుకని రెండు కిలోలు పక్కకు తీసి, అది కలుపుకునే ధర కడత. గల్లా కాడ గూసున్నవ్ గని, బస్తా దిగేటప్పుడు ఏనాడన్న చూసినవా?"

చూడలేదు. తూకం చూశాను, బేరం చూశాను, చివర్లో గుప్పెడు వేయడం చూశాను. ఆ గుప్పెడు ముందే లెక్కలో ఉందని నాకు ముప్పై ఆరేళ్లకు, ఆసుపత్రి మంచం మీద తెలిసింది. శారద మేడం ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని, తన డైరీలో రాసుకున్నారు. తర్వాత వచ్చే పేషెంట్లకు చెప్పడానికట.

మూడు వారాలు తిన్నాను. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు, ఐరన్ టాబ్లెట్లు. నూనె మాత్రం కొద్దిగా. తినడానికి అంత భయపడటం నాకు కొత్త. కంచం ముందు కూర్చుంటే చెయ్యి తక్కెడ వైపు పోయేది. బరువు రెండు కిలోలు పెరిగింది. తర్వాత ఆపరేషన్. మత్తు ఇచ్చేముందు సర్జన్‌ను అడిగాను, గాల్ బ్లాడర్ ఎంత బరువుంటుంది సార్, అది కూడా తగ్గినట్టే కదా అని. మాస్కు వెనక ఆయన నవ్వారు.

"రాళ్లతో కలిపి యాభై గ్రాములు ఉంటుందేమో. ఇందులో బేరం లేదమ్మా."

మర్నాడు పొద్దున ద్రవాలు తాగొచ్చని నర్సు చెప్పగానే స్వరూప గ్లాసుతో తయారైంది. నిమ్మరసం. మంచం పక్కన నిటారుగా నిలబడి, టెంటు దగ్గరికి వచ్చే పెద్దమనుషుల గొంతు పెట్టి, "దీక్ష విరమించు అక్కా. నీ డిమాండ్ డాక్టర్లు పరిశీలిస్తరట" అంది. నవ్వితే కుట్లు లాగాయి.

ఆ తర్వాత ఇంకో ఎదురుదెబ్బ ఉంది. మామూలుగా తినడం మొదలుపెట్టాక బరువు పెరుగుతూ పోయి డెబ్బై దగ్గర ఆగింది. అందరూ వచ్చి, అంత తగ్గితివి, మళ్లీ పెరిగినవేమని ఓదార్చారు. శారద మేడం మాత్రం మళ్లీ కాగితం తీశారు. బరువు మారింది కాబట్టి లెక్కా మారుతుందట. డెబ్బై కిలోలకు, ఒక ఏడాది పెరిగిన వయసుకు బీఎంఆర్ పదమూడు వందల ముప్పై ఐదు. నడకతో కలిపి పద్దెనిమిది వందల ముప్పై చిల్లర. అందులో ఐదు వందలు కాదు, మూడు వందలు మాత్రమే తగ్గిద్దాం అన్నారు. పదిహేను వందల చిల్లర. అంటే మొదట ఆవిడ చెప్పినదానికన్నా ఎక్కువ తింటూ తగ్గాలి. ఇన్నేళ్లలో అవతలివాళ్లు చెప్పిన ధర కన్నా ఎక్కువ ఇచ్చి నేను ఒప్పుకున్న బేరం అదొక్కటే.

నడకతో పాటు కండకు పని చెప్పమన్నారు. జిమ్‌కు వెళ్లలేదు. పాత తక్కెడ నాటివి, నాయిన దగ్గర మిగిలిపోయిన రెండు కిలోల తూకం రాళ్లు రెండు తెచ్చుకున్నాను. పొద్దున్నే చేతికొకటి పట్టుకుని లేపుతాను, దించుతాను. అవి ఎప్పుడో ముద్ర వేయించిన సిసలైన తూకం రాళ్లు. తప్పు చూపించవు. అలా తగ్గడానికి ఏడాదిన్నర పట్టింది, అదీ రెండు కిలోలు. మధ్యలో మూడు నెలలు ముల్లు కదల్లేదు. నేనూ ఆ లెక్క నుంచి కదల్లేదు.

రక్తం సర్దుకున్నాక చేసిన హెచ్‌బీఏ1సీ ఐదూ పాయింట్ ఎనిమిది వచ్చింది. డాక్టర్ టాబ్లెట్లు రాయలేదు. "ఇంకా బోర్డర్ దగ్గరే ఉన్నారు, కానీ ఇవతలి వైపు" అన్నారు. ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు చేయిస్తాను. ఐదూ పాయింట్ ఎనిమిది, ఐదూ పాయింట్ తొమ్మిది మధ్య ఆడుతూ ఉంటుంది. మెడ నలుపు చాలావరకు తగ్గింది. గొలుసు ధైర్యంగా వేసుకుంటున్నాను.

రాష్ట్రం వచ్చింది. మేం వంట వండుకున్న రోడ్డు మీద ఇప్పుడు మెట్రో స్తంభాలున్నాయి. స్వరూప మల్కాజ్‌గిరిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. మెమో ఆఖరికి నేనే తీసిచ్చాను. నాయిన కాలికి మిగిలిన మూడు వేళ్లూ అలాగే ఉన్నాయి. కట్టు కట్టే ఆదివారాలు ఇంకా నావే, పల్లీలూ నావే.

వ్యాయామం చేస్తూ బరువు తగ్గాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. పొద్దున నోటుబుక్కు తీయగానే అన్నిటికన్నా ముందు కొసరు రాయండి. వంద కేలరీలు, రోజూ, మొదటి వరసలో. నిలబడి తినేవన్నీ అందులోకే. అది తీసేశాకే మిగతా తిండి పంచుకోండి. మీ అసలు ఎంతో డైటీషియన్‌ను అడిగి అదే పేజీ మీద రాసుకోండి. రోజు లెక్క దానికన్నా కిందికి దిగితే పెన్ను పక్కన పెట్టి వాళ్లకు ఫోన్ చేయండి.

ఇక బిల్లు. మొదలుపెట్టినప్పుడు డెబ్బై ఎనిమిది కిలోలు, ఇప్పుడు అరవై ఎనిమిది. పదకొండు వారాల్లో పోయిన పద్నాలుగులో ఆరు తిరిగొచ్చాయి, తర్వాత నిదానంగా రెండు తగ్గాయి. జుట్టు మునుపటిలో ముప్పావు వంతు వచ్చింది, మిగతా పావు రాలేదు. పొట్ట మీద నాలుగు చిన్న మచ్చలు. ఎవరైనా అడిగితే పది కిలోలు తగ్గానని చెబుతుంటాను. కానీ దుకాణంలో పెరిగినదాన్ని, మీ దగ్గర తప్పు తూకం చెప్పకూడదు. అందులో యాభై గ్రాములు నేను తగ్గినవి కావు, సర్జన్ కోసి తీసినవి. నికరంగా తొమ్మిది కిలోల తొమ్మిది వందల యాభై గ్రాములు.